దారం రెండో కొస

మా బావ పోయిన కబురు ఆటోలో వచ్చింది.

ఎండాకాలం ఆఖరు రోజులు. తునికాకు పని అయిపోయింది. ఊరంతా మొగులు వైపు చూస్తున్నది. నేను ఇంటి ముందర చాప పరుచుకుని, గాలపు కర్రకు బిగించే గిరకను విప్పి, ఒక్కో ముక్కనూ కిరోసిన్‌లో కడిగి తుడుస్తున్నాను. ఆటో దడి పక్కన ఆగింది. నడిపేటాయన దిగలేదు, ఇంజన్ కూడా ఆపలేదు. ఖమ్మం దవాఖానా నుంచి అక్క ఫోన్ చేసిందని, తెల్లారుతుండగా బావ పోయాడని, సాయంత్రానికి తీసుకొస్తున్నారని చెప్పాడు. "పెద్దయ్యా, ఇన్నవా?" అని మళ్లీ అడిగాడు. విన్నానని తల ఊపాను.

అప్పుడు నా చేతిలో ఉన్నది చిన్న పళ్ల చక్రం. పళ్ల మధ్య ఇంకా కొంచెం నల్లటి జిడ్డు ఉంది. అది పోయేదాకా తుడిచి, చాప మీద దాని చోట పెట్టి, అప్పుడు లేచాను. మనిషి పోతే ఇట్లా చేస్తారా అని చూసినవాళ్లు అనుకుని ఉంటారు. కానీ ఆ గిరక బావది. ముక్కను సగం తుడిచి వదిలేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు.

బావ అంటే మా అక్క పెనిమిటి. పేరు రాయడం లేదు. ఆ పేరుతో నేను ఆయనను ఒక్కసారీ పిలిచింది లేదు. బొగ్గు బాయిలో పంపు నడిపిన మనిషి. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడిపోసే పని. రిటైరయ్యాక కాలనీ క్వార్టర్ వదిలి, అక్కను తీసుకుని మా ఊరికే వచ్చి, మా పక్కనే ఇల్లు వేసుకున్నాడు. రెండిళ్ల మధ్య వెదురు దడి. దడిలో ఒక మనిషి పట్టే సందు. అప్పటికే నా ఇంట్లో నేనొక్కణ్నే. నా ఇంటామె పోయి చాలా కాలమైంది. వాళ్లు వచ్చాక నా పొద్దుటి చాయ్ ఆ సందులోంచి వచ్చేది.

బాయిలో ఆయనతో పనిచేసిన మీరు, మీ పత్రికలో వేసుకుంటామని, నాలుగు మాటలు రాసి పంపమని అక్కను అడిగారు. అక్క నన్ను రాయమన్నది. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకా అని చెప్పాను. "మీ బావ గురించి రాయనీకి ఐదు చాలు తమ్మీ" అన్నది. బాయిలో ఆయన ఎట్లా ఉండేవాడో మీకే ఎక్కువ తెలుసు. నాకు తెలిసింది గాలపు కర్ర, గిరక, వాగు ఒడ్డు. అవే రాస్తాను.

ఆ కర్ర, గిరక ఇచ్చింది కూడా మీరే. రిటైరయ్యే రోజు అందరికీ గోడ గడియారం ఇస్తారట గదా. ఈయనను అడిగితే, "ఇగ షిఫ్టు లేదు, సైరన్ లేదు, నాకు గడియారం దేనికి? గిరక ఉన్న చేపల కర్ర ఇయ్యుండ్రి" అన్నాడట. మీలో ఎవరో హైదరాబాద్ పోయినప్పుడు వెతికి తెచ్చారు. నల్లటి ఫైబర్ కర్ర. రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరుతుంది. పొడుగునా దారం పోయే కడియాలు. కింద గిరక. అందులో దారం చుట్టుకునే కండె, పక్కన తిప్పే పిడి, ముందు ఒక బిగింపు మర. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగకుండా ఎంత వదలాలో ఆ మర చూసుకుంటుంది. మా వాగు మీద అటువంటిది ఎవరూ చూసి ఎరగరు. మాకు తెలిసింది వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక బెండు. అంతే.

వాగు అవతలి గూడెంలో ఒక పెద్దాయన ఉన్నాడు. బుట్టలు పెట్టి చేపలు పడతాడు. మొదటి రోజు ఆయన ఆ గిరకను అటూ ఇటూ తిప్పి చూసి, "గింత మిషన్ వెట్టి గింత జెల్లను గుంజుతవా?" అన్నాడు. బావ ఏమీ అనుకోలేదు. "జెల్లకు గూడ మర్యాద చెయ్యాలె గద మామా" అన్నాడు. అప్పటినుంచి ఆ పెద్దాయనకు మా బావ గిరకాయన.

గిరకకు నూనె వేయాలని బావకు తెలుసు. పంపులు చూసిన చేయి. అయితే ఏ నూనె? మా ఊళ్లో తిరిగేదేదైనా ఆముదమే తాగుతుంది. బండి ఇరుసుకు ఆముదం, బావి గిలకకు ఆముదం. ఇద్దరం కూచుని గిరకకు కూడా ధారాళంగా ఆముదమే పోశాం. వానాకాలమంతా అది మాట విన్నట్టు తిరిగింది. చలికాలం ఒక పొద్దున గోదావరి ఒడ్డుకు పోయాం. చేతులు కొంకర్లు పోయే చలి. లోపల ఆముదం ఎప్పుడు గట్టిపడిందో, అందులోకి ఇసుక ఎప్పుడు చేరిందో మేం చూసుకోలేదు. ఆ రోజే పెద్ద వాలుగ చేప పడింది. వదలాల్సిన దారం వదలదు. తిరగాల్సిన పిడి తిరగదు. కర్రను బావ పట్టుకుని, బావ నడుమును నేను పట్టుకుని, ఇద్దరం బురదలో నీళ్ల దాకా జారాం. కర్ర కొస పటుక్కుమంది. వాలుగ పోయింది. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి బావ ఒక్కసారి గిరక వైపు చూశాడు. "ఇది బండి కాదు గద బామ్మర్ది" అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఆగి ఆగి నవ్వుతూనే ఉన్నాం.

ఎవరూ చూడలేదనుకున్నాం గానీ గూడెం పెద్దాయనకు మరునాటికే తెలిసింది. ఆయనే సన్నటి వెదురు చువ్వ చెక్కి తెచ్చాడు. దాన్ని విరిగిన చోట లక్కతో అతికి, మైనం పూసిన దారంతో చుట్టాం. అప్పటినుంచి ఆ కర్రకు కింద హైదరాబాద్, కొసన మా అడవి. ఫైబర్‌ను తడిగుడ్డతో తుడిస్తే చాలు. వెదురు కొస అట్లా వినదు. వానల్లో చెమ్మ పట్టి వంగుతుంది. దాన్ని పొయ్యి మీది అటకలో పొగకు పెట్టి, వారానికోసారి వంక చూసి, వెచ్చచేసి సరిచేసేవాడు. ఆ కొసను ఒక కన్ను మూసి చూస్తున్నప్పుడు బావ ముఖం ఎంత నిమ్మళంగా ఉండేదో. అట్లాంటప్పుడు పలకరించినా పలికేవాడు కాదు. తక్కిన వేళల్లో ఆయన నోటికి ఆనకట్ట లేదు.

గిరకలోంచి ఆముదమంతా కడిగేశాక బావకు అక్క కుట్టుమిషన్ నూనె కనబడింది. పల్చటి నూనె, చలికి గట్టిపడదు, ఇసుకను పిలవదు. ఒక్కో కీలుకు ఒక్క చుక్క. అంతకంటే వేయనిచ్చేవాడు కాదు. అక్కకు మాత్రం ఆ ఒక్క చుక్క కూడా తన ఒంట్లోంచి తీసినట్టే ఉండేది. "నా మిషన్ గొంతు ఎండి అర్సుకుంటుంటే ఈళ్లు గిరకకు తాపిస్తున్రు" అని దడి ఇవతల ఉన్న నాకు వినబడేటట్టు అనేది. సీసా దాచేది. బియ్యం డబ్బాలో, చింతపండు కుండ వెనక, ఒకసారి తన పెట్టెలో పట్టుచీర మడతలో. బావ ఎక్కడున్నా పట్టేవాడు. నీళ్లు ఎక్కడ ఊరుతున్నాయో వెతికిన మనిషికి నూనె సీసా ఒక లెక్కా అనేవాడు.

వాగు నుంచి వచ్చాక చేపలు అక్క వంతు. మేం చేతులు కూడా కడుక్కోకుండా కర్ర ముందు కూచునేవాళ్లం. "ముందు కర్ర తానం, ఎన్క మన తానం." ఇది ఆయన మాట. నీళ్లు చెంబుతో కుమ్మరిస్తే ఒప్పుకునేవాడు కాదు, ఇసుక లోపలికి పోతుందట. తడిగుడ్డ పిండి తుడవాలి, పాత పళ్ల బ్రష్‌తో సందులు గీకాలి, తర్వాత పొడిగుడ్డ. పత్తి పింజ ఒకటి తీసుకుని ఒక్కో కడియంలోంచి లాగేవాడు. ఎక్కడన్నా చిన్న బీట ఉంటే పింజ పోగు దానికి తట్టుకుంటుంది. కంటికి కనబడని బీట దారాన్ని కోస్తుంది గదా. ఆకలవుతున్నదని నేను గొణిగితే, "చేప రేపు గూడ దొరుకుతది. ఇసుక ఇయ్యాల్నే తియ్యాలె" అనేవాడు. ఏమీ దొరకని రోజూ అంతే శ్రద్ధ. ఆఖరున బిగింపు మరను సడలించి చూరు కింద మేకుకు తగిలించేవాడు. పని లేనప్పుడు దేన్నీ బిగబట్టి పెట్టొద్దు, పట్టు చచ్చిపోతుందని చెప్పేవాడు.

నేను మాట్లాడనని ఊళ్లో పేరుంది. నిజమే. ఏదన్నా ఒకరిని అడగాలంటే నాకు నాలుక తిరగదు. బావ వచ్చాక ఆ అవసరం పడలేదు. అంగట్లో అడగాలన్నా, ఆఫీసులో అడగాలన్నా, "మా బామ్మర్దికి గిది కావాలె" అని ఆయనే అడిగేవాడు. ఆయన పక్కన నిలబడితే నా పని అయిపోయేది.

ఏడాదికోసారి, వాగు ఎండిన రోజుల్లో, పెద్ద పని ఉండేది. గిరకను మొత్తం విప్పి కడగాలి. తీసిన వరుసలోనే ముక్కలను చాప మీద పెట్టాలి. దారమంతా కండె మీదినుంచి తీసి, కుంకుడు నీళ్లలో కడిగి, వేళ్ల మధ్య నుంచి పోనిచ్చి ఎక్కడ నలిగిందో చూసి, పీటకు చుట్టి ఆరబెట్టాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు తిరగేసి ఎక్కించాలి. నీళ్లలో నానిన కొస లోపలికి, లోపలున్న కొస బయటికి. ఈ ఎక్కించడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. దారం వదులుగా చుట్టుకుంటే తర్వాత పొరలోకి పొర దిగబడి చిక్కుపడుతుంది. ఒకరు పిడి తిప్పాలి. ఇంకొకరు దారం పొడుగంతా పరిచి, దూరంగా నిలబడి, రెండో కొసను తడిగుడ్డలో పట్టుకుని, బిగువు తగ్గకుండా మెల్లగా నడిచి రావాలి.

తిప్పేది నేను, నడిచేది ఆయన. నేను మా గడపలో కూచునేవాణ్ని. ఆయన వీధి చివర బోరింగు దగ్గర నిలబడేవాడు. అక్కడినుంచే మొదలు. నీళ్లు పట్టుకునే ఆడవాళ్లతో ఒక మాట, ఎదురొచ్చిన వాళ్లతో ఒక మాట. దారం తాకొద్దని మేకలకు కూడా చెప్పేవాడు. అంత దూరంలో మాటలు నాకు వినబడవు. ఆయన నవ్వితే మాత్రం దారం నా చేతి దగ్గర వణికేది. దగ్గరకొచ్చే కొద్దీ మాటలు వినబడేవి. అడవి అంచున మొగులెట్లుంది, ఎవరింట్లో ఏం కూర, అక్క పొద్దున దేనికి అలిగింది. ఊళ్లో కబుర్లు నాకు ఆ దారం వెంటే వచ్చేవి. ఇక ఒక మూర మిగిలిందనగా ఆగిపోయేవాడు. కొస వదిలేవాడు కాదు. చటుక్కున గుంజి, "పడ్డది బామ్మర్ది, గుంజు" అనేవాడు. అప్పుడాయన మొహంలో ఏమీ ఉండదు. ఏడాదికోసారి అదే తమాషా. ఏడాదికోసారి నేను ఉలిక్కిపడి పిడి తిప్పేవాణ్ని. దడి అవతల నుంచి అక్క, "సిగ్గు లేదు ముసలోళ్లకు" అనేది.

ఈ ఎండాకాలం కూడా దారం తీసి, కడిగి, పీటకు చుట్టాం. అంతలో ఆయనకు జ్వరం పట్టుకుంది. దగ్గు ఆగలేదు. ఖమ్మం తీసుకుపోదామన్నది అక్క. ఆటో ఎక్కుతూ కూడా ఆయన గిరక సంగతే చెప్పాడు. ముక్కలు కడిగి పెట్టమన్నాడు, నూనె ఒక్క చుక్కే అన్నాడు. ఆటో కదిలాక తల బయటికి పెట్టి, "నేనొచ్చేదాకా దారం ఎక్కియ్యకు, ఇన్నవా?" అన్నాడు. అవ్ బావా అన్నాను. నాతో ఆయన మాట్లాడిన ఆఖరు మాట అదే.

జరగాల్సినవి జరిగాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నేను చాప మీది ముక్కలను తీసిన వరుసకు తిరగేసి బిగించాను. బావ చిన్న డబ్బీలో తెచ్చి పెట్టిన నూనె ఒక్కో చుక్క వేశాను. గిరక తిరిగింది. వట్టి కండెతో, తేలికగా, చప్పుడు లేకుండా తిరిగింది. దాన్ని మేకుకు తగిలించి, దారం చుట్టిన పీటను దాని కింద నిలబెట్టాను. ఎక్కించలేదు. ఎక్కియ్యకు అన్నాడు గదా.

వానలు పడ్డాయి. వాగు ఎర్రగా పొంగి రెండు ఒడ్లూ దాటి పారింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎంత నిశ్శబ్దమో ఎట్లా రాయాలో నాకు తెలియదు. ఇంతకుముందు కూడా నేను మాట్లాడింది లేదు. కానీ ఇంతకుముందు అది నిశ్శబ్దమని తెలియలేదు. చెమ్మకు వెదురు కొస వంగింది. పొయ్యి మీద పెట్టి, ఒక కన్ను మూసి చూసి సరిచేశాను. సరిగ్గా వచ్చిందా అని అడగడానికి తల తిప్పాను.

అక్క చాయ్ ఇవ్వడం మానలేదు. చాయ్ ఇచ్చి, దడి సందులో కొంచెంసేపు నిలబడి పోయేది. ఒకరోజు వాళ్లింట్లోకి పోతే, కిటికీలో ఎదురుగా కుట్టుమిషన్ నూనె సీసా కనబడింది. సగానికి ఎక్కువే ఉంది. నేను దానివైపు చూడటం అక్క చూసింది. "గిరకకు కావాలంటే తీస్కో తమ్మీ, ఆడనే ఉంటది" అన్నది. తీసుకోలేకపోయాను.

వాగు తేటపడ్డాక, నా పాత వెదురు కర్ర పట్టుకుని ఒకసారి పోయాను. గాలానికి ఎర కూడా గుచ్చలేదు. ఊరికే కూచున్నాను. వరద తగ్గడంతో గూడెం పెద్దాయన బుట్ట మోసుకుని ఇవతలికి దాటి వచ్చాడు. ఆయనకు తెలిసింది బావ జ్వరం వరకే, బావ పోగానే వానలు పట్టి వాళ్లకు మాకు రాకపోకలు ఆగాయి. నా పక్క ఖాళీ చోటు చూసి, "గిరకాయన ఏడి? ఇంక లేవలేదా?" అని నవ్వుతూ అడిగాడు. ఆ కబురు నా నోటితో ఎవరికీ చెప్పింది లేదు. అప్పటిదాకా అందరికీ ఎవరో ఒకరు చెప్పారు. "లేడు మామా" అన్నాను. ఆయన బుట్ట దించి, తలకున్న గుడ్డ తీసి, నీళ్ల వైపు చూస్తూ చాలాసేపు కూచున్నాడు. పోయేటప్పుడు, "కర్ర కొస మంచిగున్నదా?" అని మాత్రం అడిగాడు. మంచిగున్నదన్నాను. ఇంటికొచ్చి, నీళ్లు తగలని నా కర్రను తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి పెట్టాను.

మొన్న పొద్దున చాయ్ తెచ్చిన అక్క గోడ వైపు చూసింది. మేకుకు వట్టి గిరక, కింద పీట.

"ఏంది తమ్మీ, ఇంక దారం ఎక్కియ్యలే?"

"బావ వచ్చేదాకా వద్దన్నడు" అన్నాను. అన్నాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు.

అక్క గ్లాసు గడప మీద పెట్టింది. "వస్తడని పెట్టినవా?" అన్నది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. ఆమె వెళ్లిపోయింది.

ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు. మధ్యాహ్నం పొద్దు వంగాక గిరకను మేకు మీదినుంచి దించాను. రెండో కొసను పట్టుకోమని ఎవరినన్నా అడగాలి. బోరింగు దగ్గర మనుషులున్నారు. అటు రెండు అడుగులు వేసి వెనక్కొచ్చాను. నాలుక తిరగలేదు. దారమంతా వీధిలో పరిచి, రెండో కొసను ఒక కరెంటు స్తంభానికి కట్టి, గడపలో కూచుని తిప్పబోయాను. స్తంభం నడిచి రాదు గదా. నేనే లేచి తిప్పుకుంటూ దానివైపు నడవాల్సి వచ్చింది. నడిస్తే దారం వదులవుతుంది, ఆగితే తెగేటట్టు బిగుస్తుంది. కండె మీద పొరలు ఉబ్బెత్తుగా పడ్డాయి. మొత్తం విప్పాను. మళ్లీ ఎక్కించాను. మళ్లీ అట్లాగే వచ్చింది. మళ్లీ విప్పాను. నా కళ్లకు దారం సరిగా కనబడటం లేదు.

అక్క ఎప్పుడొచ్చిందో చూడలేదు. వచ్చి స్తంభం దగ్గర ముడి విప్పుతున్నది. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ఇన్నేళ్లలో అక్క ఆ కర్రను గానీ, గిరకను గానీ ఒక్కసారీ ముట్టుకున్నది లేదు. కానీ కొసను గుడ్డలో ఎట్లా మడిచి పట్టాలో, బొటనవేలు ఎక్కడ ఆనించాలో ఆమెకు తెలుసు. దడి అవతల నుంచి తిడుతూ అంతా చూసిందన్నమాట. "పోయి కూసో. తిప్పు" అన్నది.

గడపలో కూచుని తిప్పాను. దారం నేల మీదినుంచి లేచి, బిగిసి నిలబడింది. అక్క మెల్లగా నడిచి వస్తున్నది. బోరింగు దగ్గరివాళ్లు బిందెలు పక్కన పెట్టి చూస్తున్నారు. ఆమె చూపు దారం మీదే ఉంది. కండె మీద పొర పక్కన పొర నున్నగా పడుతున్నది. దారం నా చేతి దగ్గర వణకలేదు. తడిగుడ్డలోంచి నీటిచుక్కలు ఆమె నడిచిన వెంటే మట్టిలో పడుతూ వచ్చాయి.

ఒక మూర మిగిలింది. నా చేయి తనంతట తానే ఆగింది. పిడిని గట్టిగా పట్టుకుని ఎదురుచూశాను. అక్క నా ముందర నిలబడి, నేనెందుకు ఆగానో తెలిసి, తను కూడా ఆగింది. కొంచెంసేపు ఆ మూరెడు దారం మా ఇద్దరి మధ్య బిగిసి ఉంది.

అక్క గుంజలేదు. వంగి, కొసను తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

నేను కొసను కండెకు చుట్టి, బిగింపు మరను సడలించి, గిరకను మేకుకు తగిలించాను. తిరిగి చూస్తే అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది, చేతిలో తడిగుడ్డతో, పని అయిపోయినా దాన్ని పిండకుండా.